ఫ్యాను ఆపండి

మొదట ఫ్యాను ఆపండి.
మే నెల, చిత్తూరు, గిరింపేటలో నా గడియారాల కొట్టు,
షట్టరు సగం దించేశాం.
గుజ్జు ఫ్యాక్టరీకి పోయే లారీలు
పులిసిన మామిడి వాసనని వీధిలో దించి పోతుంటాయి.
అయినా సరే, ఆపండి.
మా సైన్యంలో మనిషి ఎత్తు ఆరు మిల్లీమీటర్లు.
తుమ్మొస్తే బయటికెళ్ళి తుమ్మి రావాలి.
మిగతా నియమాలన్నీ దీని తర్వాతే.

పెద్ద బొమ్మలు మేమూ చూశాం,
బొటనవేలంత వీరులు, కత్తి పిడికి చెక్కడం కూడా ఉంటుంది.
వాళ్ళ యుద్ధానికి పెద్ద బల్ల కావాలి,
బల్లకి హాలు కావాలి,
హాలుకి అద్దె కావాలి.
మాకున్నది మునిరత్నం పెళ్ళినాటి స్టీలు తాంబాళం.
అందులోనే ఒక కొండ, కొండకో కనుమ,
కనుమ దాటితే
రాత్రిళ్ళు మాత్రమే తెరిచే సంత.

పగలు పళ్ళచక్రాలు ఏరే పట్టకారే
రాత్రి మనుషుల్ని నిలబెడుతుంది.
కంటికి అదే భూతద్దం.
మూడు వెంట్రుకల కుంచెతో
తలపాగాకో చుక్క, నడుముకో చుక్క.
ముఖానికి చోటు లేదు.
అందుకే ముఖం నోటితో చెప్పాలి.
షంషాద్ వేగులవాడు ఎర్రమల:
"అమ్మవారు పోసిన మచ్చలు, ఎడమ కంట్లో నీళ్ళు" అంటుంది ఆమె
ఆసుపత్రి డ్యూటీ చీర మార్చుకోకుండానే.
"కాదు, ఇంకా మీసం రాని పిల్లోడు" అంటాడు గజేంద్ర, కథ నడిపేవాడు.
ఎవరూ పోట్లాడుకోలేదు.
ఆరు మిల్లీమీటర్లలో రెండూ పట్టాయి.

ఆ ఆదివారం కరెంటు పోయింది.
కొవ్వొత్తి వెలుగులో కనుమ మరీ బాగుంది,
ఒక్కొక్కడి నీడా మనిషంత పొడుగు.
స్విచ్చి సంగతి మర్చిపోయాం.
ఎర్రమల బండ చాటునుంచి తొంగి చూశాడు,
షంషాద్ పాచికలు వేసింది,
అవి ఇంకా దొర్లుతుండగానే
కరెంటొచ్చింది.

గాలి ఎవరి పక్షమూ కాదు.
రెండు సైన్యాలూ లేచిపోయాయి.
నలుగురం మోకాళ్ళ మీద, సెల్‌ఫోను లైట్లతో,
చీపురు వద్దు, చీపురు వద్దని అరుచుకుంటూ.
ముప్పై ఒక్కరు దొరికారు.
ఎర్రమల దొరకలేదు.

అతని చోట ఒక ఆవగింజ పెట్టి ఆడాం.
షంషాద్ దానికి పాచికలు వేయనంది.
"ఇది వాడు కాదు కదప్పా" అంది, అంతే.
గజేంద్ర కథలో సంత మూడు రాత్రులు తెరుచుకోలేదు.

నలభై రోజులకి దొరస్వామి నాయుడు వచ్చాడు,
ఆర్టీసీలో కండక్టరు, రిటైరై ఆరేళ్ళు,
చంకలో అలారం టైంపీసు.
"రిపేరు చేసిస్తివి, వారానికే నిలిచిపోయె,
ఏం పని చేస్తివో ఏమో."
నాలుగు తక్కువ పది దగ్గర ఆగి ఉంది.
వెనక మూత విప్పాను.
రెండు చక్రాల మధ్య, పళ్ళకి వీపు ఆనించి,
తలపాగా చుక్క చెదరకుండా,
కాలాన్ని ఒంటరిగా ఆపి నిలబడి ఉన్నాడు.

"ఈడెవుడు?" అన్నాడు నాయుడు.
చెప్పాను. ఎంత చెప్పినా
పెద్దమనిషికి చెప్పే మాటల్లా లేవు అవి.
"మొహం యాడుండాది?"
భూతద్దం తీసి చేతికిచ్చాను.
బస్సులో చిల్లర చూసుకున్నట్టు
అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

"మా డిపోలో చెంగల్రాయుడని ఉండె.
డ్రైవరు. పలమనేరు ఘాట్‌లో
ఒక్క తూరి కూడా హారన్ కొట్టేవోడు కాదు."
మళ్ళీ చూశాడు.
"వాడే."

డబ్బు తీసుకోలేదు నేను.
ఆయన పోలేదు కూడా.
స్టూలు లాక్కొని కూర్చుని,
"ఇప్పుడు వీడు ఏ రూటులో పోవాల?" అని,
నేను చెప్పకముందే లేచి
ఫ్యాను ఆపాడు.